డిస్క్ మొత్తానికీ బ్యాకప్: సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకునే ముందు అడగాల్సిన ప్రశ్నలు

గుంటూరులో మా మేనమామ పాతికేళ్లుగా డీటీపీ పని చేస్తున్నారు. శుభలేఖలు, కరపత్రాలు, అడపాదడపా కవితా సంపుటాలు ఆయన చేతిమీదుగా అచ్చుకు వెళ్తుంటాయి. రెండేళ్ల కిందట మాఘమాసంలో, పెళ్లిళ్ల పని ఊపిరి సలపనివ్వని రోజుల్లో, ఆయన ల్యాప్‌టాప్‌లో అన్నీ దాచి ఉండే డిస్క్, అంటే ఎస్‌ఎస్‌డీ, ఒక ఉదయం ఉన్నట్టుండి పోయింది. రోజూ సాయంత్రం ఫైళ్లన్నిటినీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకునే అలవాటు ఉండటంతో ఆయన మొదట పెద్దగా కంగారుపడలేదు. కొత్త ఎస్‌ఎస్‌డీ వేయించి, విండోస్ ఎక్కించి, ఫైళ్లన్నీ వెనక్కి తెచ్చుకున్నారు. అసలు ఇబ్బంది అక్కడి నుంచి మొదలైంది. ఆఖరి ప్రధాన వెర్షన్ 2001లో వచ్చిన, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ సీడీ దొరికింది గానీ ఆ ల్యాప్‌టాప్‌కు సీడీ డ్రైవ్ లేదు. బయటి డ్రైవ్ ఒకటి అరువు తెచ్చి దాన్ని ఎక్కించాక, అను ఫాంట్లు కుదరక, శుభలేఖలో తెలుగుకు బదులు రోమన్ అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపించాయి. అన్ని కంప్యూటర్లూ అక్షరాలను ఒకేలా గుర్తించే యూనికోడ్ ప్రమాణం పాటించని ఫాంట్లలో కంపోజ్ చేసిన పని ఆ ఫాంటు లేనిచోట అలాగే ఉంటుంది. తర్వాత కీబోర్డు లేఅవుట్, ప్రింటర్ డ్రైవర్, ప్రెస్సువాళ్లు అడిగే పీడీఎఫ్ సెట్టింగులు ఒక్కొక్కటే సర్దుకోవాల్సి వచ్చింది. ఫైళ్లలో ఒక్కటి కూడా పోలేదు, అయినా పని తొమ్మిది రోజులు ఆగిపోయింది.

ఫైళ్ల బ్యాకప్‌కూ డిస్క్ మొత్తం బ్యాకప్‌కూ ఉన్న తేడా ఈ తొమ్మిది రోజులే. ఫోటోలు, పత్రాలు మాత్రమే ముఖ్యమైనవారికి ఫైళ్ల బ్యాకప్ సరిపోతుంది. ఏళ్లతరబడి ఒక పద్ధతిలో అమర్చుకున్న సాఫ్ట్‌వేర్ మీద బతుకుతెరువు ఆధారపడినవారికి, అంటే డీటీపీ చేసేవారికి, ట్యాలీలో లెక్కలు రాసేవారికి, డిజిటల్ సంతకం టోకెన్‌తో పన్ను రిటర్నులు వేసేవారికి, డిస్క్ మొత్తం ఉన్నదున్నట్టుగా దాచుకోవడం అవసరం. ఆ పని చేసే సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి, ప్రతిదాని ప్రకటనా ఒకేలా ఉంటుంది. వాటి మధ్య ఎంపిక చేసుకోవడానికి నాకు తెలిసిన ఒకే ఒక్క నమ్మకమైన కొలత ఏమిటంటే, విండోస్ అసలు లేవని రోజున ఆ సాఫ్ట్‌వేర్ ఎలా పనిచేస్తుందన్నది. బ్యాకప్ తీయడం అన్నిటికీ వచ్చు. తిరిగి తేవడంలోనే అవి వేరుపడతాయి.

ముందుగా, సీ డ్రైవ్‌లోని ఫోల్డర్లన్నీ కాపీ చేస్తే డిస్క్ మొత్తం వచ్చినట్టే కదా అన్న సందేహం తీర్చుకోవాలి. స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే, మనం ఒకటే అనుకున్న డిస్క్ ముక్కలుగా కనిపిస్తుంది. మొదట 100 లేదా 260 ఎంబీల చిన్న ఈఎఫ్ఐ పార్టిషన్ ఉంటుంది, విండోస్‌ను లేపే బూట్ ఫైళ్లు దానిలోనే ఉంటాయి. దాని పక్కన 16 ఎంబీల మరో ముక్క ఉంటుంది, దాన్ని ఈ తెర కూడా చూపించదు. ఆ తర్వాత సీ డ్రైవ్, చివర ఒకటో రెండో రికవరీ పార్టిషన్లు ఉంటాయి. ఎక్స్‌ప్లోరర్‌లో కాపీ చేస్తే ఈ చిన్న ముక్కలేవీ రావు. సీ డ్రైవ్‌లో కూడా సెట్టింగులు రాసి ఉండే రిజిస్ట్రీ వంటి ఫైళ్లను విండోస్ నడుస్తున్నంతసేపూ పట్టుకునే ఉంటుంది కాబట్టి అవి కాపీ కావు. ఇమేజింగ్ సాఫ్ట్‌వేర్ ఫోల్డర్ల పేర్లతో పని లేకుండా, డిస్క్ మీద వాడుకలో ఉన్న బ్లాకులన్నిటినీ, అంటే డేటా రాసే చిన్న చిన్న గళ్లన్నిటినీ, పార్టిషన్ల అమరికతో సహా చదివి ఒక పెద్ద ఫైలుగా రాస్తుంది. ఆ ఫైలునే ఇమేజ్ అంటారు. పాత రోజుల్లో మన కంప్యూటర్ షాపుల్లో, కాలేజీ ల్యాబుల్లో దీన్నే ‘ఘోస్ట్ కొట్టడం’ అనేవారు. సిమాంటెక్ 1998లో కొనుక్కున్న ఘోస్ట్ అనే సాఫ్ట్‌వేర్ నుంచి ఆ మాట వచ్చింది. నార్టన్ ఘోస్ట్ అమ్మకం 2013లో ఆగిపోయినా మాట మిగిలింది.

ఇమేజ్‌కూ క్లోన్‌కూ తేడా కూడా ఇక్కడే చెప్పుకోవాలి. క్లోన్ అంటే ఒక డిస్క్‌ను ఇంకొక డిస్క్ మీదికి నేరుగా దింపడం. పాత హార్డ్ డిస్క్ తీసేసి కొత్త ఎస్‌ఎస్‌డీ వేసుకునేటప్పుడు అది చాలా సౌకర్యంగా ఉంటుంది. బ్యాకప్‌గా మాత్రం దానికి ఒక పెద్ద లోటు ఉంది. ఒక డిస్క్ మీద ఒక తేదీనాటి ప్రతి మాత్రమే ఉంటుంది, కొత్తగా క్లోన్ చేసిన ప్రతిసారీ పాతది పోతుంది. నిన్న చెడిన ఫైలు ఈరోజు క్లోన్‌లోకి కూడా చెడే వస్తుంది. ఇమేజ్‌లయితే ఒకే ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో వేర్వేరు తేదీలవి పక్కపక్కనే పెట్టుకోవచ్చు.

ఇమేజ్ తీసే దారులు రెండు. మొదటిది విండోస్ నడుస్తుండగానే తీయడం. దీనికి విండోస్‌లోనే ఉన్న వాల్యూమ్ షాడో కాపీ సర్వీస్ ఆధారం. అది ఒక క్షణంలో డిస్క్ ఎలా ఉందో గుర్తు పెట్టుకొని, మనం పని చేసుకుంటున్నా ఆ క్షణంనాటి బ్లాకులనే సాఫ్ట్‌వేర్‌కు అందిస్తుంది. మాక్రియం రిఫ్లెక్ట్, వీమ్ ఏజెంట్, ఆక్రోనిస్ ట్రూ ఇమేజ్ వంటివి ఈ దారిలో వెళ్తాయి. రెండోది పెన్ డ్రైవ్ నుంచి వేరే చిన్న సిస్టమ్‌ను బూట్ చేసి, నిద్రపోతున్న డిస్క్‌ను బయటి నుంచి చదవడం. క్లోన్‌జిల్లా, దానికి తేలికైన తెరలు జోడించిన రెస్క్యూజిల్లా ఈ కోవకు చెందినవి. రెండో దారి నిక్కచ్చిగా ఉంటుంది, పైసా ఖర్చు లేదు. కానీ ప్రతిసారీ ల్యాప్‌టాప్ ఆపి, పెన్ డ్రైవ్ పెట్టి, అరగంటో గంటో కూర్చోవాలి. అలాంటి పని ఎవరైనా మొదటి నెల చేస్తారు, మూడో నెలకు వాయిదా వేస్తారు. మొదటి దారిలో రాత్రి ఎనిమిదింటికి తనంతట తానే మొదలయ్యేలా పెట్టవచ్చు. రోజువారీ బ్యాకప్‌కు నేను మొదటి దారినే ఎంచుకుంటాను.

ఇక ఫుల్, ఇంక్రిమెంటల్, డిఫరెన్షియల్ అనే మూడు మాటలు అన్ని సాఫ్ట్‌వేర్లలోనూ ఎదురవుతాయి. లెక్క వేసి చూస్తే సులువుగా తెలుస్తుంది. డిస్క్‌లో 180 జీబీ వాడుకలో ఉందని, రోజూ కొత్తగా 3 జీబీ మారుతుందని అనుకుందాం. కుదింపును లెక్కలోకి తీసుకోవద్దు. ఆదివారం ఫుల్ ఇమేజ్ తీశాక సోమవారం నుంచి శనివారం దాకా ఇంక్రిమెంటల్ తీస్తే, ప్రతి రోజూ నిన్నటి నుంచి మారిన 3 జీబీ మాత్రమే రాస్తుంది కాబట్టి వారానికి అదనంగా 18 జీబీ చాలు. డిఫరెన్షియల్ ప్రతి రోజూ ఆదివారం నుంచి మారిందంతా రాస్తుంది. అంటే 3, 6, 9 అని పెరుగుతూ శనివారానికి మొత్తం 63 జీబీ అవుతుంది. ఇంక్రిమెంటల్‌లో శనివారం స్థితికి వెళ్లాలంటే ఏడు ఫైళ్లూ చెక్కుచెదరకుండా ఉండాలి, బుధవారం ఫైలు చెడితే ఆ తర్వాతి మూడు రోజులూ చేతికి రావు. డిఫరెన్షియల్‌లో ఆదివారం ఫైలు, శనివారం ఫైలు ఉంటే చాలు. ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో చోటు ఉంటే డిఫరెన్షియల్ నిశ్చింత. వీమ్ వంటివి ఇంక్రిమెంటల్ గొలుసును పెరగనీయకుండా, గడువు దాటిన పాత ముక్కను ఎప్పటికప్పుడు ఫుల్ ఫైలులో కలిపేస్తాయి. ఏ పద్ధతైనా నెలకొకసారి కొత్త ఫుల్ ఇమేజ్ తీయడం, రాసినదాన్ని మళ్లీ చదివి సరిచూసే వెరిఫై ఆప్షన్‌ను ఆన్ చేయడం తప్పనిసరి అని నా అభిప్రాయం.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. డిస్క్ పోయిన రోజున విండోస్ ఉండదు, దానిలో ఎక్కించుకున్న బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కూడా ఉండదు. ఆ రోజు మన చేతిలో ఉండేవి ఇమేజ్ ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్క్, విండోస్ లేకుండానే కంప్యూటర్‌ను లేపేలా ముందుగా తయారు చేసుకున్న రెస్క్యూ పెన్ డ్రైవ్. అందుకే ఏ సాఫ్ట్‌వేర్ కొనబోయినా, కనీసం ప్రయత్నించబోయినా, మొట్టమొదట దాని రెస్క్యూ పెన్ డ్రైవ్ తయారు చేసి దాంతో ల్యాప్‌టాప్‌ను బూట్ చేసి చూడమని చెబుతాను. మా మేనమామ కొత్త ఏర్పాటు కోసం నేను అదే చేశాను. మొదట ప్రయత్నించిన ఒక సాఫ్ట్‌వేర్ బ్యాకప్ చక్కగా తీసింది. పెన్ డ్రైవ్ నుంచి బూట్ అయ్యాక రీస్టోర్ చేయాల్సిన, అంటే ఇమేజ్‌ను తిరిగి దించాల్సిన, డిస్క్‌ను ఎంచుకోమని అడిగింది. జాబితాలో పెన్ డ్రైవ్ ఉంది, ఎక్స్‌టర్నల్ డిస్క్ ఉంది, ల్యాప్‌టాప్‌లోని ఎస్‌ఎస్‌డీ మాత్రం లేదు. దాన్ని తీసి మళ్లీ పెట్టాల్సిన అవసరం గానీ, అది చెడిపోవడం గానీ కారణం కాదు. ఇంటెల్ 11వ తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో ఎస్‌ఎస్‌డీ వీఎండీ అనే కంట్రోలర్ వెనక ఉంటుంది, దాన్ని నడిపే చిన్న ప్రోగ్రామ్, అంటే డ్రైవర్, లేని రెస్క్యూ సిస్టమ్‌కు ఆ డిస్క్ కనిపించదు. మంచి సాఫ్ట్‌వేర్ పెన్ డ్రైవ్ తయారు చేసేటప్పుడే ఈ కంప్యూటర్‌లోని డ్రైవర్లను వెతికి దానిలో చేరుస్తుంది. మాక్రియం, వీమ్ రెండింటిలోనూ ఈ సదుపాయం ఉంది. ఆ సదుపాయం లేని సాఫ్ట్‌వేర్‌తో ఉన్న మనిషికి ఈ సంగతి తెలిసేది డిస్క్ పోయిన రోజునే, అప్పుడు డ్రైవర్ వెతకడానికి చేతిలో కంప్యూటర్ ఉండదు.

రెండో చిక్కు బిట్‌లాకర్, అంటే డిస్క్‌లోని డేటాకు విండోస్ వేసే తాళం. ఇప్పటి విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో మనం పెట్టకపోయినా డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉండే అవకాశం ఎక్కువ. హోమ్ ఎడిషన్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ పేరుతో అదే ఉంటుంది. దానికి 48 అంకెల రికవరీ కీ ఉంటుంది, సాధారణంగా మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రమవుతుంది. బయటి నుంచి బూట్ చేసినప్పుడు సీ డ్రైవ్ తెరవాలన్నా, బయోస్‌లో బూట్ సెట్టింగులు మార్చాక విండోస్ లేవాలన్నా ఆ కీ అడగవచ్చు. కాబట్టి దాన్ని కాగితం మీద రాసి పెట్టుకోవాలి. ఇందులో ఇంకొక సూక్ష్మం ఉంది. విండోస్ నడుస్తుండగా తీసిన ఇమేజ్‌లో డేటా తాళం తీసిన స్థితిలోనే ఉంటుంది. ల్యాప్‌టాప్‌కు ఎంత గట్టి తాళం ఉన్నా, ఆ ఎక్స్‌టర్నల్ డిస్క్ బస్సులో మరిచిపోతే దొరికినవారి చేతిలో ఖాతాదారుల ఆధార్, పాన్ ప్రతులన్నీ పడతాయి. ఇమేజ్‌కు విడిగా పాస్‌వర్డ్‌తో ఎన్‌క్రిప్షన్ పెట్టే వీలు ఉందా అన్నది అందుకే ఎంపికలో పెద్ద ప్రశ్న. రీస్టోర్ అయ్యాక బిట్‌లాకర్‌ను మళ్లీ ఆన్ చేసుకోవాల్సి రావచ్చని కూడా గుర్తుంచుకోవాలి.

ఈ ప్రశ్నలతో ఒక్కొక్కదాన్నీ చూద్దాం. విండోస్‌లోనే కంట్రోల్ ప్యానెల్ లోపల ‘బ్యాకప్ అండ్ రీస్టోర్ (విండోస్ 7)’ అనే పేరుతో సిస్టమ్ ఇమేజ్ సదుపాయం ఇప్పటికీ ఉంది. 2017లోనే మైక్రోసాఫ్ట్ దాన్ని ఇక అభివృద్ధి చేయబోమని ప్రకటించి, ఇతర సంస్థల సాఫ్ట్‌వేర్ వాడమని సూచించింది. అది తీసిన ఇమేజ్‌ను అసలు డిస్క్ కన్నా చిన్న డిస్క్ మీదికి దించలేము. కొత్త ‘విండోస్ బ్యాకప్’ యాప్ ఫోల్డర్లను, సెట్టింగులను మైక్రోసాఫ్ట్ క్లౌడ్ వన్‌డ్రైవ్‌లోకి పంపుతుంది తప్ప ఇమేజ్ తీయదు. విండోస్‌లోని ఫైల్ హిస్టరీ కూడా ఫైళ్లకే పరిమితం. తయారుచేసినవారే వదిలేసినదాని మీద బతుకుతెరువును ఆనించమని నేను ఎవరికీ చెప్పలేను.

మాక్రియం రిఫ్లెక్ట్ ఉచిత ఎడిషన్‌ను ఏళ్లతరబడి అందరూ సిఫారసు చేసేవారు. దానికి మద్దతు 2024 జనవరి 1తో ముగిసింది, ఇప్పుడది చందా కట్టి వాడుకోవాల్సిన సాఫ్ట్‌వేర్. పాత వ్యాసాలు చదివి ఉచిత ఎడిషన్‌ను ఎక్కడెక్కడి సైట్ల నుంచో దించుకునేవారు జాగ్రత్తగా ఉండాలి. డిస్క్‌లోని ప్రతి బ్లాకూ చదివే అధికారం ఇచ్చే సాఫ్ట్‌వేర్‌ను దాని తయారీదారు సైట్ నుంచి తప్ప తీసుకోకూడదు. డబ్బు పెట్టగలిగితే మాత్రం రెస్క్యూ పెన్ డ్రైవ్ తయారీలో, ఇమేజ్‌ను ఒక డ్రైవ్‌లా తెరిచి ఒక్క ఫైలు తీసుకోవడంలో, వేరే మోడల్ కంప్యూటర్ మీదికి దించడంలో అది చాలా నమ్మకమైనది. ఆక్రోనిస్ కూడా సమర్థమైనదే, దానితోపాటు యాంటీవైరస్ వంటివి కలిసి వస్తాయి. బ్యాకప్ ఒక్కటే కావలసినవారికి ఆ బరువు అనవసరం. చందా సాఫ్ట్‌వేర్ ఏదైనా, చందా ముగిశాక పాత ఇమేజ్ నుంచి రీస్టోర్ చేయనిస్తుందా అన్నది కొనేముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

ఖర్చు లేకుండా కావాలంటే వీమ్ ఏజెంట్ ఉచిత ఎడిషన్ నా మొదటి సూచన. పెద్ద సంస్థల సర్వర్లకు బ్యాకప్ చేసే కంపెనీ అది. ఉచిత ఎడిషన్‌లో ఒకే బ్యాకప్ జాబ్ పెట్టుకోగలం, ఒక ల్యాప్‌టాప్‌కు అంతకు మించి అవసరం కూడా లేదు. ‘ఎంటైర్ కంప్యూటర్’ ఎంచుకుంటే పార్టిషన్లన్నీ వస్తాయి, తర్వాత మారినవి మాత్రమే రాస్తుంది. తెరల మీది భాష ఆఫీసుల ఐటీ సిబ్బందిని ఉద్దేశించి రాసినది కాబట్టి మొదటిసారి అమర్చేటప్పుడు తెలిసినవారు పక్కన ఉంటే మంచిది. క్లోన్‌జిల్లా ఓపెన్ సోర్స్, తైవాన్‌లోని జాతీయ సూపర్‌కంప్యూటింగ్ కేంద్రంలో పుట్టింది. దాని పరిమితులను దాని సైట్‌లోనే నిజాయితీగా రాశారు. ఇంక్రిమెంటల్ లేదు, ఇమేజ్ తెరిచి ఒక్క ఫైలు తీసుకోవడం కుదరదు, దించే డిస్క్ పాతదానికి సమానంగా గానీ పెద్దదిగా గానీ ఉండాలి. ఈ మూడో నియమం చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. 1 టీబీ హార్డ్ డిస్క్‌లో 150 జీబీ మాత్రమే వాడినా, దాని ఇమేజ్ 512 జీబీ ఎస్‌ఎస్‌డీలోకి నేరుగా దిగదు. విండోస్ కొత్తగా వేసి, అన్నీ అమర్చుకున్న రోజున ఒక్కసారి తీసి దాచుకునే ఇమేజ్‌కు మాత్రం క్లోన్‌జిల్లా చక్కగా పనికొస్తుంది.

మ్యాక్ వాడేవారి దారి వేరు. 2007 నుంచి మాక్‌తోపాటే వస్తున్న టైమ్ మెషిన్ గంటగంటకూ మారినవి దాస్తుంది. 2020లో వచ్చిన బిగ్ సర్ నుంచి సిస్టమ్ భాగానికి యాపిల్ ముద్ర వేసి విడిగా ఉంచడంతో, దాన్ని కాపీ చేసి బూట్ చేసే పాత అలవాటుకు అర్థం తగ్గిపోయింది. డిస్క్ తుడిచేయాల్సి వస్తే మాక్ ఓఎస్‌ను కొత్తగా వేసి, మైగ్రేషన్ అసిస్టెంట్‌తో టైమ్ మెషిన్ నుంచి మిగతావన్నీ తెచ్చుకోవడమే పద్ధతి. ఎం1 చిప్‌తో మొదలుకొని వచ్చిన మ్యాక్‌లలో లోపలి ఎస్‌ఎస్‌డీ పూర్తిగా పోతే బయటి డిస్క్ నుంచి కూడా మెషిన్ లేవదు. అందువల్ల మ్యాక్‌లో మొత్తం డిస్క్ ఇమేజ్ కోసం వేరే సాఫ్ట్‌వేర్ కొనాల్సిన అవసరం చాలామందికి లేదు.

ఇమేజ్ ఎక్కడ పెట్టాలన్నది సాఫ్ట్‌వేర్ ఎంపికంత ముఖ్యమైనదే. అదే ల్యాప్‌టాప్‌లోని డీ డ్రైవ్‌లో పెట్టడం వృథా, అది అదే డిస్క్‌లోని ఇంకొక ముక్క మాత్రమే. పెన్ డ్రైవ్‌లు తరచు ఎఫ్ఏటీ32 ఫార్మాట్‌లో ఉంటాయి, అందులో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు కాబట్టి ఇమేజ్ పట్టదు. ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఫార్మాట్ చేసిన 1 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్ ఒక సాధారణ ల్యాప్‌టాప్‌కు సరిపోతుంది. నీలం రంగు లోపలి భాగం ఉన్న యూఎస్‌బీ 3 పోర్టులో పెడితే, సెకనుకు 100 ఎంబీ చొప్పున 180 జీబీ అరగంటలో రాస్తుంది. పాత యూఎస్‌బీ 2 పోర్టులో అదే గంటన్నర దాకా పట్టవచ్చు. క్లౌడ్‌లోకి పంపాలంటే అప్‌లోడ్ వేగం 50 ఎంబీపీఎస్ ఉన్న ఇంట్లోనూ ఎనిమిది గంటలు కావాలి, తిరిగి తెచ్చుకునేటప్పుడు మళ్లీ గంటలకొద్దీ ఆగాలి. క్లౌడ్ ఫైళ్లకు తగినది, ఇమేజ్‌కు ఇంట్లోని డిస్కే మేలు.

బ్యాకప్ పూర్తికాగానే ఆ డిస్క్‌ను ఊడదీయాలి. ఈ మాటను నేను మళ్లీ మళ్లీ చెబుతాను, ఎందుకంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే ర్యాన్సమ్‌వేర్ తాను వచ్చిన కంప్యూటర్‌లో తగిలించి ఉన్న ప్రతి డిస్క్ మీదికీ వెళ్తుంది. 2017 మే నెలలో వన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ ప్రపంచమంతటా వ్యాపించినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లలోనూ కొన్ని దాని బారిన పడ్డాయి. ఫైళ్లకు తాళం వేసి 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్ అడిగేది, విండోస్ తనలో దాచుకున్న షాడో కాపీలను కూడా తుడిచేసేది. సొరుగులో ఉన్న డిస్క్‌ను మాత్రం ఏ వైరసూ చేరలేదు. వీలైతే రెండు డిస్కులు పెట్టుకొని, ఒకటి వేరే ఇంట్లో ఉంచి, నెలకొకసారి మార్చుకోవాలి.

చివరగా, రీస్టోర్ చేసి చూడని ఇమేజ్ మీద నమ్మకం పెట్టుకోకూడదు. 2017 జనవరి 31న ప్రోగ్రామర్ల కోడ్‌ను దాచిపెట్టే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఉద్యోగి పొరపాటున అసలు డేటాబేస్‌ను తుడిచేసినప్పుడు, వారు పెట్టుకున్న ఐదు రకాల బ్యాకప్ పద్ధతుల్లో ఏదీ సరిగా పనిచేయడం లేదని ఆ రోజే బయటపడింది. ఆ సంగతిని ఆ సంస్థే దాచకుండా ప్రకటించింది. నిపుణులున్న చోటే అలా జరిగితే, ఒంటరిగా పని చేసుకునేవారు ఇంకెంత జాగ్రత్తగా ఉండాలి! పరీక్ష కోసం పనిచేస్తున్న డిస్క్ మీదికే దించడం మాత్రం ప్రమాదకరం. విద్యుత్తు పోయినా, ఇమేజ్ చెడి ఉన్నా రెండూ పోతాయి. పాత ఎస్‌ఎస్‌డీ గానీ చవకైన చిన్న ఎస్‌ఎస్‌డీ గానీ ఒకటి తీసుకొని, ల్యాప్‌టాప్‌లోని దాన్ని బయటికి తీసి, దాని స్థానంలో ఇది పెట్టి రీస్టోర్ చేయాలి.

మా మేనమామ ల్యాప్‌టాప్‌తో కిందటి శ్రావణంలో ఒక ఆదివారం అలాగే చేశాం. వెనక మూత స్క్రూలు విప్పి, ఎస్‌ఎస్‌డీ మార్చి, వీమ్ పెన్ డ్రైవ్‌తో బూట్ చేశాం. జాబితాలో ఈసారి మూడు డిస్కులూ కనిపించాయి. నలభై నిమిషాలు పట్టింది. మదర్‌బోర్డు అదే కాబట్టి విండోస్ యాక్టివేషన్ చెక్కుచెదరలేదు. పాత సాఫ్ట్‌వేర్ ఒకటి మాత్రం డిస్క్ మారిందని గుర్తుపట్టి మళ్లీ లైసెన్స్ కీ అడిగింది, ఆ కీ ఎక్కడుందో వెతికి రాసుకోవాలని ఆ రోజే తెలిసింది. ఆయన పేజ్‌మేకర్ తెరిచి, ముందురోజు రాత్రి సగంలో ఆపిన శుభలేఖను పైకి తెచ్చారు. వధూవరుల పేర్లు తెలుగులోనే ఉన్నాయి. ఇప్పుడు ఆ పెన్ డ్రైవ్, 48 అంకెల కీ, లైసెన్స్ కీ రాసిన కాగితం ఒకే కవరులో బీరువాలో ఉన్నాయి. రెండో డిస్క్ తెనాలిలో మా అత్తయ్య పుట్టింట్లో ఉంటుంది.